పట్టుపురుగుల గదిలో రొట్టె

సైన్యానికి పోయే కుర్రవాడు గడప దాటే ముందు ఒక రొట్టెను ఒక్క గాటు కొరికి తల్లి చేతికిస్తాడు. ఆమె దాన్ని గోడకు తగిలిస్తుంది. వాడు తిరిగి వచ్చి మిగిలింది తినేదాకా ఆ రొట్టెను మేకు మీది నుంచి కదపకూడదు. అది ఎండి రాయిలా ఉన్నన్నాళ్ళు మనిషికి ఢోకా లేదు. బూజు పట్టిందంటే మాత్రం వాడిక ఇంటికి రాడు. ఆక్‌తూత్ ఊళ్ళో ఈ మాట నమ్మనివాళ్ళు లేరు. ఇది ముల్లా చెప్పింది కాదు, ఏ గ్రంథంలోనూ రాసినది కాదు. అయినా కళ్ళారా చూశామని చెప్పేవాళ్ళు వీధికి ఇద్దరు దొరికేవారు. ఎవరింట చూశారని అడిగితే మాత్రం వాళ్ళు చెప్పేది పక్క ఊరి పేరే.

యుద్ధం వచ్చిన రెండో ఏడు, చలికి తట్టుకోవాలని ద్రాక్షతీగలను మట్టిలో పూడ్చే రోజుల్లో, నోర్బూతా వంతు వచ్చింది. తల్లి ఖాసియత్ ఇంట్లో మిగిలిన గొర్రెకొవ్వంతా కరిగించి, పొరలు పొరలుగా రొట్టె కాల్చింది. నోర్బూతా ముందుపన్ను కొస చిన్నప్పుడే గాడిద మీది నుంచి పడి విరిగింది. అందువల్ల అతడు కొరికిన చోట అర్ధచంద్రంలాంటి గాటు పడి, దాని మధ్య చిన్న పలుకు నిలిచింది. ఆ పలుకును చూసి తల్లి నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వింది అదొక్కసారే. రొట్టెను ఇంట్లో అన్నిటికంటే మంచి గదిలో, చుట్టాలను కూర్చోబెట్టే గదిలో, బొంతలు మడిచి పెట్టే గూటికి పైన తగిలించింది. మంచి వస్తువు మంచి చోటనే ఉండాలని ఆమె అభిప్రాయం. ఆ అభిప్రాయమే తరువాత చిక్కు తెచ్చిపెట్టింది.

కుమ్‌తెపా శిబిరం ఊరికి బండి మీద రెండు రోజుల దూరం. రైలు కట్టకు ఆవల ఇసుకనేలలో వరసగా గుడారాలు, నేలలో తవ్విన వంటశాల, దాని పక్కన ఆవిరితో బట్టలు ఉడకబెట్టి పేలు చంపే స్నానాల గది. చలికాలంలో ఆ స్నానాల గది ఒక్కటే స్వర్గంలా ఉండేది. పొద్దున బార్లీ గంజి, మధ్యాహ్నం క్యాబేజీ నీళ్ళు, చేతి మందాన నల్లరొట్టె ముక్క. నోర్బూతాను టెలిఫోను తీగలు వేసే దళంలో చేర్చారు. వీపున బరువైన తీగచుట్ట, చేతిలో పట్టకారు. చుట్ట మోసేది ఒకడు, తీగను నేల మీద పరుస్తూ పోయేది ఇంకొకడు. ఆ ఇంకొకడు ఎగంబెర్ది. అతడిదీ ఆక్‌తూతే. అమ్మానాన్న లేరు, నాయనమ్మ పెంచింది. ఊరి చివర, మల్బరీ చెట్టు ఒక్కటీ లేని ఎండునేలలో వాళ్ళ ఇల్లు.

వాళ్ళకు పని నేర్పిన సార్జెంట్ జిన్నత్ తాతారు జాతి మనిషి. యుద్ధానికి ముందు తంతి స్తంభాలెక్కి బతికినవాడు. ఆయన పాఠమంతా ఒకటే. "తీగ పలకడం లేదా? దాని మీద చేతబడి ఎవరూ చేయలేదు. ఎక్కడో తడి తగిలింది. లేదా తెగింది. కూర్చుని ఏడవకు, తీగ వెంట నడు. నడుస్తూ అడుగు, ఇక్కడిదాకా బాగానే ఉందా, ఇక్కడిదాకా ఉందా అని. బాగున్న చోటికీ బాగులేని చోటికీ మధ్యలో ఉంటుంది రోగం."

నోర్బూతాకు ఈ పాఠం తేనెలా ఎక్కింది. ఊళ్ళో ఏడేళ్ళ బడి చదివినప్పుడు కూడా ఇంత సూటి మాట ఎవరూ చెప్పలేదు. వసంతం వచ్చేనాటికి అతడు కళ్ళు మూసుకుని తీగను తడిమి, తొడుగు ఎక్కడ చిట్లిందో చెప్పగలిగేవాడు. శిబిరంలో అతనికి ఏ లోటూ లేదనే చెప్పాలి. ఒళ్ళు గట్టిపడింది, చేతిలో పని పడింది. యుద్ధమనేది భయంకరమైనదేనని తెలుసు. కాని తన పని తనకు వచ్చినవాడికి ఉండే నిబ్బరం అతనికి వచ్చింది.

ఇంటి నుంచి కబుర్లు మామయ్య తెచ్చేవాడు. ఖాసియత్ అన్న, సరిమ్‌సాక్. ఆ పేరుకు అర్థం వెల్లుల్లి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, చావు ముక్కు మూసుకుని తప్పుకుపోతుందని ఆ పేరు పెట్టారట. ఊరి సామూహిక పొలం తరఫున శిబిరానికి ఎండు ఖుబానీ పండ్లు, ఉల్లిపాయలు, ఒక్కొక్కప్పుడు పొగాకు బండి మీద తోలుకురావడం ఆయన వంతు. మే నెల మొదట్లో వచ్చినప్పుడు, ఆయన బండి దిగాడే కాని మీసం దువ్వలేదు, సార్జెంట్‌ను చూసి పరాచికాలాడలేదు. నోర్బూతాకు అప్పుడే తెలిసింది, ఏదో జరిగిందని.

"మామా, ఆయికి ఒంట్లో బాగాలేదా?" తల్లిని అతడు ఆయీ అనే పిలుస్తాడు.

"ఒంట్లో బాగానే ఉంది. మనసులోనే..." సరిమ్‌సాక్ ఉల్లిపాయల బస్తా మీద కూలబడ్డాడు. "చెప్పొద్దనే అనుకున్నా. కాని నా మొహం దాచలేదు కదా. నీ రొట్టె బూజు పట్టిందిరా."

పక్కన ఖుబానీలు కడుగుతున్న ఎగంబెర్ది చేయి ఆగిపోయింది. వాటిని అతడు కడుగుతున్నది తన ఇనుప టోపీలోనే. నాయనమ్మ దగ్గర తన రొట్టె గులకరాయిలా ఉందని తెలిసిన నాటి నుంచి అతనికి ఆ టోపీతో వేరే పనేమీ కనబడలేదు.

"అంచు నుంచి అంచుదాకా పచ్చగా," అన్నాడు సరిమ్‌సాక్. "పక్కింటి హాజర్ చూసింది ముందు. చూసి ఊరుకుందా, వాకిట్లో నిలబడి ఊరందరికీ వినబడేలా ఏడ్చింది. అంతే, మీ అమ్మ చావింటి నీలం బట్టలు కట్టి మంచమెక్కింది. రోజుకో గిన్నె టీ తాగితే గొప్ప. నేను బయలుదేరేదాకా రొట్టె ముక్క ముట్టలేదు."

నోర్బూతాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది, మరుక్షణం ఆగిపోయింది. తల్లి తిండి మానేసిందంటే మానేసిందే. నాన్న పోయినప్పుడు ఆమెను లేపడానికి నలభై రోజులు పట్టింది.

"నేను ఇక్కడే ఉన్నాను కదా మామా. కళ్ళముందే ఉన్నాను. నిక్షేపంలా ఉన్నాడని చెప్పు."

"చెప్పానయ్యా. ఇప్పుడుంటాడు, అంది. రొట్టె ఇప్పటి సంగతి చెప్పదు, తరవాతి సంగతి చెబుతుంది, అంది. దానికి నేనేమనాలి?"

అది నిజమే. ఉత్తరం రాసినా ఇదే బాధ. ఉత్తరం అది రాసిన నాటి సంగతి చెబుతుంది తప్ప, మరునాటి సంగతి చెప్పదు. ఇంటికి వెళ్ళి కనబడదామంటే సెలవు లేదు. వేసవి నడుమకల్లా దళం ముందుకు కదులుతుందని వంటవాళ్ళతో సహా అందరికీ తెలుసు. వెళ్ళి కనబడినా, "ఇప్పుడున్నావు" అనే అంటుందామె. తాను రైలెక్కేలోగా తల్లి లేచి రొట్టె తినాలి. మిగతా యుద్ధం సంగతి తరువాత.

నోర్బూతా మామయ్య ఎదుట గొంతుక్కూర్చున్నాడు. తీగ వెంట నడవడం మొదలుపెట్టాడు.

"రొట్టె ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, చుట్టాల గదిలో. తగిలించిన చోటే. కదపకూడదు కదా."

"చలికాలమంతా ఎలా ఉంది?"

"రాయిలా. నేనే తట్టి చూశా. టకటకమంది."

"మరి వసంతంలో ఏమొచ్చింది ఆ గదిలోకి?"

"ఏమొస్తుంది? పురుగులొచ్చాయి." సరిమ్‌సాక్ విసుక్కున్నాడు. "ఈ ఏడు పట్టు రెండింతలు కావాలన్నారు. సిపాయిలు విమానాల్లోంచి దిగే గాలిగొడుగులకట. చిన్న గది చాలక ప్రతి ఇంట్లో మంచి గది పురుగులకిచ్చారు. మీ అమ్మా ఇచ్చింది. గోడల నిండా తట్టలు కట్టాం."

"కిటికీలు?"

"కంబళ్ళు కట్టి మూశాం. పురుగుకి గాలి తగలొద్దు కదా."

"కుంపటి?"

"రెండు పెట్టాం. పైన నీళ్ళగిన్నె. నేల మీద పూటపూటకీ నీళ్ళు చల్లుతాం. ఆకు తడి, నేల తడి, గది నిండా ఆవిరి. లోపలికెళితే చొక్కా ఒంటికి అంటుకుంటుంది. పురుగులు రెండో జ్వరం దాటి కుబుసం విడిచాయి, తెగ తింటున్నాయి. నువ్వేంట్రా, బాకీ వసూలుకొచ్చినవాడిలా ప్రశ్నలు."

"ఆ ఆవిరి గదిలో రొట్టె ఒక్కటీ అలానే వదిలేశారు."

"కదపకూడదురా బాబూ. కదిపితే నీకు అపాయం."

తట్టలు, కుంపట్లు, నీళ్ళు, అన్నీ మోసుకెళ్ళి రొట్టె చుట్టూ అమర్చి, కేవలం ప్రేమవల్ల, భయంవల్ల, ఆ రొట్టెను మాత్రం ముట్టకుండా వదిలిన తల్లి నోర్బూతా కళ్ళకు కనబడింది. కోపం రాలేదు. రావలసిన చోట జాలి వచ్చింది.

"ఊళ్ళో ఇంకెవరెవరి రొట్టెలు బూజు పట్టాయి మామా?"

సరిమ్‌సాక్ వేళ్ళు మడవడం మొదలుపెట్టి మధ్యలో ఆపాడు. హాజర్ కొడుకుది పట్టిందని ఆమె ఎవరికీ చెప్పలేదట. ఏడవడం మాత్రం ఖాసియత్ వాకిట్లో ఏడ్చింది. కమ్మరి ఇంట్లో పట్టింది. నీటికాలువ అవతల ఇద్దరిళ్ళల్లో పట్టింది. అన్నీ పురుగులు పెంచిన ఇళ్ళే.

"ఎగంబెర్ది వాళ్ళది?"

"వాళ్ళకు చెట్లేవీ, పురుగులెక్కడివి? వాళ్ళది గులకరాయే."

"ఇంకేం మామా. మొన్న స్నానాల గదిలో వంటవాడు రొట్టె మరచిపోయాడు. నాలుగో నాటికి పచ్చగడ్డిలా అయింది. నేను గుడారం కొసకు కట్టుకున్న రొట్టె కొడవలితో కోయాల్సి వచ్చింది. రెండూ ఒకే బట్టీలోవి. తడి తగిలిన చోట బూజు, తగలని చోట లేదు. ఇందులో నా ప్రాణం ఎక్కడుంది?"

ఎగంబెర్ది టోపీలోని నీళ్ళు పారబోసి అడ్డం వచ్చాడు. "ఆగరా. ఆ రొట్టెలు సర్కారువి. వాటికి ఎవడి ప్రాణంతోనూ పనిలేదు. కత్తితో కోసినవి. నువ్వు పళ్ళతో కొరికావు. కొరికి ఇల్లు దాటావు. తేడా లేదా?"

"ఉందనుకో. అయితే నీ గులకరాయికి, నీ ప్రాణానికి కూడా ముడి ఉందంటావు."

"ఉంది మరి. అందుకే నాకు దిగులు లేదు. నా దిగులల్లా ఒకటే. నీది బూజు రొట్టె, నాది గట్టి రొట్టె. ఇద్దరం ఒకే తీగ మోస్తుంటే గుండు పడితే, ఎవడి రొట్టె మాట చెల్లుతుంది?"

సరిమ్‌సాక్ వచ్చినప్పటి నుంచి మొదటిసారి నవ్వాడు. నోర్బూతా నవ్వలేదు. స్నేహితుడు వెక్కిరింపుగా అన్నదానిలోనే ఒక పనికొచ్చే మాట ఉందని అతనికి తోచింది. కొరకాలి. కొరికి ఇల్లు దాటాలి. రొట్టె ఆ గదిలోనే వేలాడాలి. అది బూజు పట్టాక, కొరికిన మనిషి ఇంటికి తిరిగి రావాలి. అంతకంటే తక్కువ ఏది చూపించినా ఊరు ఒప్పుకోదు. అంతకంటే ఎక్కువ ఏదీ అక్కర్లేదు.

"మామా, నువ్వెలాగూ మళ్ళీ వస్తావు కదా బండి తోలుకుని. బయలుదేరే ముందు ఒక రొట్టె కొరికి, నా రొట్టె పక్కన తగిలించు. వచ్చి వెళ్ళు. చాలు."

సరిమ్‌సాక్ బస్తా మీది నుంచి లేచి నిలబడ్డాడు. "నేనా? నా పేరేంట్రా? వెల్లుల్లి. చావు ఒకసారి వాసన చూసి తప్పుకుపోయింది. నేనే కబురంపి పిలవనా? నీకేమైనా పైత్యమా?"

"నమ్మకం లేదన్నావుగా, పోయినసారి."

"నమ్మకం లేదు. కాని కొరకను."

"సరే. హాజర్ పిన్నిని అడుగు, కమ్మరిని అడుగు. నాలుగు రోజులు ఊరు దాటి వచ్చేవాళ్ళు ఎవరైనా సరే. ఇదంతా ఆయికి కూడా చెప్పు, నేను చెప్పినట్టే, ముక్క వదలకుండా. గది, కుంపటి, తడి, ఎవరెవరి ఇళ్ళు. నీ కొడుకు ప్రశ్నలడిగాడని చెప్పు."

"చెబుతా. కాని మీ అమ్మ టెలిఫోను తీగ కాదురా."

"తీగ కాదు. తీగ కంటే గట్టిది. నువ్వు చెప్పు, చాలు."

బండి వెళ్ళిపోయాక నోర్బూతా రోజూలాగే తీగ మోశాడు. ఎగంబెర్ది వేరే జోడీ కావాలని సార్జెంట్‌ను అడిగాడు; జిన్నత్ సంగతంతా విని, "గట్టి రొట్టెగాడివి నువ్వే కదా, బూజు రొట్టెగాణ్ణి కాపాడు," అని వీపు చరిచి పంపేశాడు. ఆ మాటకు ఎగంబెర్ది ఛాతీ కొంచెం పొంగింది. ఆ వారం అభ్యాసంలో ముళ్ళకంచె కింద పాకవలసిన చోట అతడు నిలబడి నడిచాడు. నిజం గుళ్ళు పేల్చే రోజున కూడా అలాగే చేయబోతే నోర్బూతా కాలు పట్టి కింద పడేశాడు.

"నీ రొట్టె ఎండింది మీ ఇంట్లో చెట్లు లేక," అన్నాడు దుమ్ములో పక్కనే పడుకుని. "గుండుకి ఆ సంగతి తెలియదు. తల దించు."

"నీకు అసూయరా."

"అసూయే అనుకో. దించు."

రోజులు గడిచాయి. పగలు పనిలో నోర్బూతాకు ఏ సందేహమూ ఉండేది కాదు. గంజి గిన్నె ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఇంట్లో మూత తీయకుండా చల్లారిపోయే ఇంకొక గిన్నె గుర్తొచ్చేది. తన లెక్క తప్పని అతడు ఒక్కసారీ అనుకోలేదు. లెక్క సరైనదైనంత మాత్రాన ఆకలి పుట్టదని మాత్రం తెలుసు.

మళ్ళీ బండి కనబడినప్పుడు, ఉల్లిపాయల బస్తాల మీద ఒక నీలం మూట కూర్చుని ఉంది. బండి ఆగాక ఆ మూట కదిలింది. ఖాసియత్.

కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. జిన్నత్ వచ్చి చూసి, కంచె ఇవతల తుమ్మపొద నీడను సాయంత్రందాకా వాళ్ళకిచ్చాడు. ఆమె చిక్కిపోయి ఉంది. దవడ ఎముకలు తేలాయి. కాని కళ్ళలో మంచాన పడిన మనిషి చూపు లేదు. సంతకు వచ్చి బేరం తేలక నిలబడిన మనిషి చూపు ఉంది. ముందు కొడుకు చేతులు తిప్పి చూసింది, పట్టకారు వేసిన కాయలు తడిమింది. గడ్డం పట్టుకుని, "నోరు తెరువు," అంది. విరిగిన పన్ను యథాస్థానంలో ఉందని చూసుకుంది. ఆ తరువాతే కూర్చుంది.

"తిన్నావా ఆయీ?"

"దారిలో తిన్నా. మీ మామ కాపలా కాశాడు, మేకకు మేత వేసినట్టు."

"సగం రొట్టె," అన్నాడు సరిమ్‌సాక్. "నేను చూస్తుండగా. మిగతా సగం కాకికి వేయబోతే నేను తినేశా."

"మరి ఈ నీలం ఎందుకు?"

"ఇంకా తేలలేదుగా," అంది ఖాసియత్.

నోర్బూతా మామయ్య వంక చూశాడు. ఆయన గడ్డి పీకుతూ నేల చూపులు చూశాడు. చెప్పింది ఆమే.

"నీ మాటలన్నీ మీ మామ అప్పజెప్పాడు. మంచం మీదే విన్నా. తడి అన్నావట, కుంపటి అన్నావట. సరే, లేచి గదిలోకెళ్ళి చూశా. నీ రొట్టె ఒక్కటే కాదు, గూటిలో బొంత కూడా ఒక పక్క బూజు పట్టి ఉంది. బొంత ఏ యుద్ధానికి పోయింది? అప్పుడు మొదటిసారి కొంచెం అనుమానం వచ్చింది."

"వచ్చిందా?"

"కొంచెమే. మురవకు. హాజర్‌ని పిలిచా, కొరకవే, నాలుగు రోజులు మీ అక్కింటికి పోయి రావే అన్నా. కాళ్ళకు బుద్ధి చెప్పింది. కమ్మరి నాకు పళ్ళు లేవన్నాడు. పళ్ళు లేనివాడు ఆక్రోటుకాయలు ఎలా కొరుకుతాడో నేనెరగనా? మీ మామ సంగతి నీకు తెలిసిందే."

"నేను వెల్లుల్లిని కదా," అన్నాడు సరిమ్‌సాక్ నెమ్మదిగా.

"అందుకని నేనే కొరికా."

నోర్బూతా ఉలిక్కిపడ్డాడు. తన లెక్క మీద అంత నమ్మకమున్నవాడికి ఉలికిపాటు ఎందుకు రావాలో అతనికి వెంటనే తెలియలేదు. రొట్టె పక్కన తల్లి పేరు వినగానే గుండె ఒక్కసారి దడదడలాడింది, అంతే. పుట్టినప్పటి నుంచి విన్న మాట ఒంట్లో ఏదో మూల దాగి ఉంటుంది కాబోలు. అతడు దాన్ని గమనించాడు, తీగలో చిట్లిన చోటును గమనించినట్టు.

"నువ్వెందుకు ఆయీ?"

"ఎందుకంటే ఏం చెప్పను. మంచి పతీర్ చేశా, నీకు కాల్చిన పొరల రొట్టెలాగే. పొయ్యి నుంచి తీసి వేడి మీదే కొరికి నీ రొట్టె పక్కన మేకు కొట్టి తగిలించా. కొట్టేటప్పుడు అనుకున్నా. ఇది నిజమైతే నీ దారే నా దారి, ఇంట్లో ఒక్కదాన్నే మిగలను. అబద్ధమైతే తిరిగి వెళ్ళి ఆవు పాలు పితుకుతా. రెండిట్లో ఏదైనా మంచం మీద పడి ఉండటం కంటే మేలు. పురుగుల మేత హాజర్‌కి ఒప్పజెప్పా. కళ్ళు మూసుకుని మేత వేస్తుందట, రొట్టెల వంక చూడకుండా."

"అలా వేస్తే సగం ఆకు నేలపాలే," అన్నాడు సరిమ్‌సాక్.

ముగ్గురూ నవ్వారు. ఖాసియత్ తెచ్చిన మూట విప్పితే అందులో ఎండబెట్టి దంచిన మల్బరీ పండ్ల పిండి ఉంది, ఉండలు చేసి. ఆమె వాటిని జిన్నత్‌కూ, కాపలావాడికీ, సిగ్గుతో దూరంగా తచ్చాడుతున్న ఎగంబెర్దికీ పంచింది. "మీ నాయనమ్మ బాగుంది. నీ రొట్టె బాగుంది," అని అతనితో చెప్పింది. తరువాత ఒక క్షణం ఆలోచించి, "రొట్టె సంగతి పట్టించుకోకు," అని కలిపింది. సాయంత్రానికి బండి తిరిగింది. ఎప్పుడు కదులుతారో చెప్పకూడదు కాబట్టి నోర్బూతా చెప్పలేదు, ఆమె అడగలేదు. సరిమ్‌సాక్ మాత్రం ఎవరితోనో అన్నట్టు అన్నాడు, పట్టుగూళ్ళు తేలాక ఊరందరం సారిసూ స్టేషను పక్కన ఆరబెట్టే కొట్టంలో ఉంటాం, అక్కడ ప్రతి రైలుబండీ నీళ్ళకు ఆగుతుంది, అని.

దళం బయలుదేరింది జూన్‌లో. పశువుల పెట్టెలకు రెండంతస్తుల చెక్క పడకలు కొట్టి రైలు తయారుచేశారు. నోర్బూతా తలుపు దగ్గరి చోటు పట్టుకున్నాడు. ఎగంబెర్ది పక్కనే కూర్చుని గట్టి రొట్టె కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఎండ నడినెత్తికి రాకముందే సారిసూ వచ్చింది. నీటిగొట్టం దగ్గర ఇంజను ఆగింది.

స్టేషనంతా ఊపిరి పీల్చుకోనివ్వకుండా ఒకటే వాసన, ఉడికిన పట్టుగూళ్ళది. రైలు పట్టాల పక్కన కొట్టం ముందు బుట్టలు, గోతాలు, తెల్లగా గుట్టలు. ఆడవాళ్ళు గూళ్ళు ఏరుతున్నారు. నోర్బూతా కళ్ళు నీలం బట్టల కోసం వెతికాయి. గుంపులో నీలం కట్టినవాళ్ళు ముగ్గురున్నారు, ముగ్గురూ కొత్తముఖాలే.

"ఒరేయ్ విరుగుపన్నోడా," అన్న కేక వినబడింది. సరిమ్‌సాక్. ఆయన పక్కన ఎరుపు, పసుపు చారల పట్టు అంగీ తొడిగిన మనిషి బుట్ట దించి పరుగెత్తుకొస్తోంది. పెళ్ళినాటి అంగీ. పట్టాల కంకర మీద చెప్పులు జారుతున్నా ఆగలేదు.

"నీలమేదీ ఆయీ?"

"ఉతికి పెట్టెలో పెట్టా." ఖాసియత్ ఆయాసపడుతూ తలుపు కమ్మీ పట్టుకుంది. చెంపలు నిండి ఉన్నాయి. "ఇంటికి వెళ్ళి ముందు పాలు పితికా. తరవాతే గది తలుపు తీశా. పట్టు బాగా వచ్చింది ఈసారి. హాజర్ కళ్ళు తెరిచే మేత వేసింది, పైకి చెప్పింది వేరు." తన రొట్టె ఏమైందో కొడుకు చెవి దగ్గర చెప్పింది.

"మరి నా రొట్టె?"

"గదిలోంచి తీసేశా. ఎండలో, వసారా దూలానికి కట్టా." ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, కదపకూడని వస్తువును కదిపిన సంగతి పక్కనున్న సరిమ్‌సాక్‌కే మళ్ళీ ఆశ్చర్యమైంది. "బూజు పట్టిందని పిచికలు కూడా ముట్టలేదు. పోనీలే. ఇదిగో, కొత్తది."

చంకలోని గుడ్డలోంచి రొట్టె తీసి ఇచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది.

"మళ్ళీ ఎందుకు? అదంతా వట్టిదని తేలిందిగా."

"జాతకానికి కాదురా. నీ పంటిగాటు చూసుకోవడానికి. చూసుకోవద్దా?"

నోర్బూతా కొరికాడు. అర్ధచంద్రం, మధ్యలో పలుకు. తల్లి ఆ పలుకును చూసి నవ్వింది, రొట్టెను గుడ్డలో చుట్టుకుంది. ఇంజను కూత వేసింది. పెట్టె కుదుపుతో కదిలింది. ఆమె కొంత దూరం పక్కనే నడిచింది, తరువాత నిలబడింది. సరిమ్‌సాక్ టోపీ ఊపాడు.

స్టేషను కనుమరుగయ్యాక ఎగంబెర్ది మోచేత్తో పొడిచాడు. స్టేషనులో ఇంజను చప్పుడుకు అతనికి సగం మాటలే వినబడ్డాయి.

"ఏమందిరా? మీ అమ్మ కొరికిన రొట్టె ఏమైందట? తేలిందా లేదా?"

"తేలింది."

"ఎలా? ఎండిందా? ఎండే ఉంటుంది, అందుకే తిరిగి రాగలిగింది."

నోర్బూతా అతని వంక చూశాడు. ఎగంబెర్ది ముఖంలో వెక్కిరింపు లేదు. జవాబు తన కోసం కూడా కావాలన్న ఆత్రం ఉంది. పడక కింద అతని ఇనుప టోపీ బోర్లించి ఉంది. నోర్బూతా వంగి దాన్ని తీసి, అడుగున అంటిన ఖుబానీ తొక్కు గోటితో గీకి, స్నేహితుడి ఒళ్ళో పెట్టాడు.

"ముందు ఇది పెట్టుకో, చెబుతా."

ఎగంబెర్ది పెట్టుకున్నాడు. నోర్బూతా చెప్పాడు. ఖాసియత్ శిబిరానికి వచ్చి, కొడుకును చూసి, ఇల్లు చేరి గది తలుపు తీసేసరికి, ఆమె కొరికిన రొట్టె అంచు నుంచి అంచుదాకా పచ్చగా బూజు పట్టి ఉంది.